అభియోక్త పీఠమునుండి సెనేటునకు – హైరమ్ జాన్సన్ ప్రజాజీవితము

న్యాయస్థానమునుండి శాసనసభకు నడచిన బాట మనకు సుపరిచితమైనదే. టంగుటూరి ప్రకాశముగారు, మోతీలాల్ నెహ్రూ, చిత్తరంజన్ దాస్ మున్నగు పెద్దలందరు ఆ బాటన వచ్చినవారే. అయినను వీరు ముద్దాయి పక్షముననో కక్షిదారు పక్షముననో నిలిచి వాదించినవారు. అభియోగము మోపు స్థానమున, అనగా పబ్లిక్ ప్రాసిక్యూటరుగా పనిచేసి, ఆ పనివలన వచ్చిన కీర్తితోనే ప్రజాప్రతినిధి యైనవాడు మనలో అరుదు. కారణము స్పష్టము. పరప్రభుత్వ కాలమున ఆ పదవియందున్నవాడు దొరల పక్షపు మనిషి. తిలకును, గాంధీజీని బోనులో నిలిపిన పక్షమది. ప్రజలు అతనికి భయపడిరేగాని అతనిని తమవానినిగా తలపలేదు.

అమెరికాలో పరిస్థితి వేరు. అచ్చట జిల్లా ప్రాసిక్యూటరును (డిస్ట్రిక్టు అటార్నీ యని వారి వ్యవహారము) సాధారణముగా ప్రజలే ఎన్నుకొందురు. నేరస్థులను పట్టి శిక్షింపజేసినవాడు మరల ప్రజల ముందునకు వచ్చి ఓట్లడుగును. గట్టివాడని పేరు వచ్చినచో గవర్నరగును, సెనేటరగును. ఈ యేర్పాటులో గుణము గలదు, దోషమును గలదు. ఆ రెంటిని ఒకే జీవితమున, ఏదియు దాచకుండ, చూపినవాడు కాలిఫోర్నియా రాష్ట్రమునకు చెందిన హైరమ్ వారెన్ జాన్సన్. ఆయన చరిత్రలో భారతీయులకు సంబంధించిన లెక్కయు కొంత గలదు. ఈ వ్యాసము వ్రాయుటకు ముఖ్యకారణము అదియే.

జాన్సన్ 1866 సెప్టెంబరు 2న శాక్రమెంటో నగరమున జన్మించెను. ఆ రాష్ట్రపు రాజధాని అదియే. ఆనాటి కాలిఫోర్నియాను పాలించినది గవర్నరు కాదు, శాసనసభయు కాదు. సదరన్ పసిఫిక్ రైల్వే కంపెనీ. రైతు పండించిన పంట విపణికి చేరుటకు ఆ కంపెనీ బండి తప్ప వేరు మార్గము లేదు. కిరాయి ఎంతయో నిర్ణయించునది కంపెనీయే. ఆ కిరాయిని అదుపులో నుంచుటకు 1879 నాటి రాజ్యాంగము ఒక రైల్వే కమిషనును ఏర్పరచెనుగాని, ఆ కమిషను సభ్యులును కంపెనీ చెప్పుచేతలలోనివారైరి. రాజకీయ పక్షముల మహాసభలలో ఎవరిని అభ్యర్థిగా నిలుపవలెనో, శాసనసభ ఎవరిని సెనేటునకు పంపవలెనో కంపెనీ న్యాయవిభాగమున నిర్ణయమగుచుండెను. 1901లో ఫ్రాంక్ నారిస్ అను రచయిత ఈ విషయముపై ఒక నవల వ్రాసి, దానికి ఎనిమిది చేతుల సముద్రజంతువగు 'ఆక్టోపస్' పేరు పెట్టెను. కంపెనీకి ఆ పేరు నిలిచిపోయెను.

హైరమ్ తండ్రి గ్రోవ్ జాన్సన్ పేరుగాంచిన వకీలు, రాష్ట్ర శాసనసభ్యుడు, రైల్వే కంపెనీకి మిత్రుడు. 1895 నుండి 1897 వరకు అమెరికా ప్రతినిధిసభలో కూడ కూర్చుండెను. హైరమ్ బర్క్లీ విశ్వవిద్యాలయమున చదువుచు, వివాహము కారణమున చదువు ముగించకయే ఇంటికి వచ్చి, తండ్రి కచేరీలోనే న్యాయశాస్త్రము నేర్చి, 1888లో పట్టా పొందెను. కొంతకాలము తండ్రీకొడుకులు ఒకే కచేరీలో వ్యాజ్యములు నడిపిరి. పిమ్మట శాక్రమెంటో నగర రాజకీయములలో హైరమ్, ఆయన సోదరుడు ఆల్బర్టు తండ్రికి ఎదురుపక్షము వహించిరి. ఆ తగవు ఇంటిలో మొదలై బహిరంగసభలకు ఎక్కెను. 1902లో హైరమ్ శాన్‌ఫ్రాన్సిస్కోకు తరలిపోయెను. రైల్వే కంపెనీని ద్వేషించుటకు కాలిఫోర్నియాలో కారణములకు లోటు లేదు. ఈయన విషయమున మాత్రము ఆ ద్వేషమునకు తండ్రి ముఖము కూడ ఒకటి తోడైనదని నా యభిప్రాయము.

శాన్‌ఫ్రాన్సిస్కోలో అప్పుడు మేయరు యూజీన్ ష్మిట్జ్. నాటకశాలలో వాద్యబృందమునకు నాయకుడై ఫిడేలు వాయించుచుండిన ఈయన కార్మికపక్షమున నిలిచి 1901లో మేయరయ్యెను. ఆయన వెనుక నిలిచి సూత్రము లాగినవాడు ఏబ్ రూఫ్ అను వకీలు. రూఫ్ ఏ పదవిలోను లేడు. నగరమునుండి లైసెన్సు గాని అనుమతి గాని కోరిన వ్యాపారి రూఫును వకీలుగా కుదుర్చుకొని ఫీజు చెల్లించును. ఆ ఫీజులో కొంత మేయరునకు, కొంత నగరసభలోని 18 మంది సభ్యులకు చేరును. లంచము అను మాట ఎచ్చటను వినబడదు. రశీదు కావలెనన్నను దొరకును. ట్రాములకు విద్యుత్తీగలు పైన వ్రేలాడదీయుటకు అనుమతి కోరి యునైటెడ్ రైల్‌రోడ్స్ అను ట్రాము కంపెనీ పక్షమున రూఫునకు ముట్టినది 2 లక్షల డాలర్లు. 1906 ఏప్రిల్ 18 నాటి భూకంపములోను, దాని వెంట వచ్చిన అగ్నిప్రమాదములోను నగరము బూడిద యైన నెలదినములకే ఆ యనుమతి మంజూరయ్యెను.

'బులెటిన్' పత్రిక సంపాదకుడు ఫ్రీమాంట్ ఓల్డర్ దీనిని సహింపలేక వాషింగ్టనుకు పోయి అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టును దర్శించి, ఫ్రాన్సిస్ హెనీ అను ప్రాసిక్యూటరును, విలియం బర్న్స్ అను అపరాధ పరిశోధకుని కోరెను. ఖర్చునకు రుడాల్ఫ్ స్ప్రెకెల్స్ అను ధనికుడు ముందునకు వచ్చెను. 1906 అక్టోబరులో నగరపు డిస్ట్రిక్టు అటార్నీ లాంగ్‌డన్ హెనీని తన సహాయకునిగా నియమించెను. బర్న్స్ పన్నిన వలలో నగరసభ్యులు పడిరి. 1907 మార్చిలో తాము పుచ్చుకొన్న సొమ్మును ఒప్పుకొనిరి. వారిని శిక్షింపక విడిచిపెట్టుటకు హెనీ అంగీకరించెను. పుచ్చుకొన్న చిన్నచేతులను వదలి, ఇచ్చిన పెద్దచేతులను పట్టవలెనని ఆయన సంకల్పము.

అచ్చటనే కథ మలుపు తిరిగినది. కార్మికపక్షపు మేయరును బోనెక్కించినంతవరకు నగరములోని ధనికవర్గము చప్పట్లు కొట్టెను. ట్రాము కంపెనీ అధ్యక్షుడు పాట్రిక్ కాల్హూన్‌ను బోనెక్కించబోగా, అదే వర్గము ఈ విచారణ వ్యాపారమునకు చేటని గగ్గోలుపెట్టెను. నిన్నటివరకు హెనీని విందులకు పిలిచినవారు ఆయన ఎదురైనచో తల త్రిప్పుకొని పోసాగిరి. మేయరునకు పడిన శిక్షను 1908లో పై న్యాయస్థానములు సాంకేతిక కారణములపై కొట్టివేసెను.

1908 నవంబరు 13న, రూఫుపై విచారణ జరుగుచుండగా, న్యాయస్థానములోనే మారిస్ హాస్ అనునతడు హెనీ తలపై తుపాకితో కాల్చెను. ఈ హాస్ అంతకు ముందొక విచారణలో జ్యూరీకి పిలువబడినవాడు; అతడు పూర్వము జైలుశిక్ష అనుభవించినవాడని హెనీ బహిరంగముగా వెల్లడించి తొలగింపజేసెను. ఆ పరాభవము మనసులో నుంచుకొని వచ్చినాడు. మరునాడే అతడు జైలు గదిలో చచ్చి పడియుండెను. హెనీ ప్రాణముతో బయటపడెనుగాని వాదించు స్థితిలో లేడు.

ఆ ఖాళీ యైన స్థానమున నిలిచినవారిలో ముఖ్యుడు హైరమ్ జాన్సన్. అంతకు పూర్వము కొంతకాలము ఆయన ఈ విచారణలలో సహాయకుడుగా పనిచేసి తప్పుకొనినవాడే. ఇప్పుడు ఎవ్వరును ఆ బల్లవద్దకు రాదలచని సమయమున మరల వచ్చెను. డిసెంబరు 10న, అనగా తుపాకి మ్రోగిన నాలుగు వారములలోపల, జ్యూరీ రూఫును దోషిగా నిర్ణయించెను. 14 ఏండ్ల శిక్ష పడెను. ఆ మహాప్రయత్నమంతటికిని చివరకు జైలు చేరిన పెద్దవాడు రూఫ్ ఒక్కడే. లంచమిచ్చిన ధనికులలో ఒక్కరును చేరలేదు. 1909 ఎన్నికలో డిస్ట్రిక్టు అటార్నీ పదవికి నిలిచిన హెనీని నగరవాసులే ఓడించిరి. గెలిచిన ఫికర్టు మిగిలిన కేసులను వదలుకొనెను. అభియోక్తను ఎన్నుకొను హక్కు ప్రజలది. విచారణ విసుగు పుట్టించినపుడు దానిని ఆపివేయు హక్కును వారిదే యైనది. రూఫును పట్టించుటకు అంతదూరము పోయిన ఓల్డరే, తరువాత మనసు మారి, రూఫును విడుదల చేయుమని తన పత్రికలో పోరాడెను. ఒకనిని బలియిచ్చి తక్కినవారు ఇండ్లకు పోవుట ఆయనకు రుచింపలేదు.

జాన్సన్ మాత్రము ఆ న్యాయస్థానమునుండి వేరొక పాఠము నేర్చుకొనెను. ఒకరిద్దరిని జైలుకు పంపిన ప్రయోజనము లేదు. వారిని పుట్టించిన యంత్రమునే ముద్దాయిగా నిలుపవలెను. 1907లో చెస్టర్ రోవెల్, ఎడ్వర్డ్ డిక్సన్ అను ఇద్దరు పత్రికారచయితలు రిపబ్లికను పక్షములోని సంస్కర్తలను కూర్చి 'లింకన్–రూజ్‌వెల్ట్ లీగు' అను సంఘమును స్థాపించి యుండిరి. 1910లో గవర్నరు పదవికి ఆ సంఘము జాన్సన్‌ను నిలిపెను. అంతకు ముందు సంవత్సరమే అభ్యర్థులను పక్షనాయకులు గాక ఓటర్లే ఎన్నుకొను చట్టము వచ్చి యుండుట ఆయనకు కలిసివచ్చెను.

ఆ ప్రచారయాత్ర నేటికిని కథలుగా చెప్పుకొందురు. శత్రువు రైలు కంపెనీ. కావున ఆయన రైలెక్కలేదు. ఎఱ్ఱని మోటారుకారులో, దుమ్ముబాటలమీద, ఊరూరు తిరిగెను. గ్రామములో ప్రవేశించినంతనే ఆవుమెడగంట మ్రోగించి జనమును పిలుచుట వాడుక. తిరిగిన దూరము 20,000 మైళ్ళని లెక్క. ప్రతి యుపన్యాసములోను చెప్పినది ఒక్కటే: సదరన్ పసిఫిక్ కంపెనీని ప్రభుత్వమునుండి వెళ్ళగొట్టవలెను. పన్నులనుగూర్చి గాని, పాఠశాలలనుగూర్చి గాని ఆయన పెద్దగా మాటలాడలేదు. అది అభియోక్త పద్ధతి. జ్యూరీకి పది విషయములు చెప్పరాదు; ఒక ముద్దాయి, ఒక నేరము, ఒక తీర్పు. జ్యూరీ ఆయన పక్షమున తీర్పు చెప్పెను.

1911 జనవరిలో గవర్నరైన పిమ్మట చేసిన పనులు చిన్నవి కావు. ఆ సంవత్సరము అక్టోబరు 10న 23 రాజ్యాంగ సవరణలు ప్రజల ఓటునకు పెట్టగా 22 నెగ్గెను. రైల్వే కమిషనునకు నిజమైన అధికారము వచ్చెను. కిరాయిలను నిర్ణయించు కలము కంపెనీ చేతినుండి జారెను. స్త్రీలకు ఓటుహక్కు వచ్చెను. రాష్ట్రమంతటను కలిపి 3,587 ఓట్ల తేడాతో మాత్రమే. దాని విషయమున గవర్నరు ఉత్సాహము చూపలేదని కూడ చెప్పవలెను. పనిలో గాయపడిన కార్మికులకు నష్టపరిహారము, స్త్రీకార్మికులకు ఎనిమిది గంటల పనిదినము, ఇవియు ఆ కాలములోనివే.

వీటన్నిటికంటె పేరుపొందినవి మూడు హక్కులు. తగినంతమంది సంతకములు చేసినచో ప్రజలే చట్టమును ప్రతిపాదించి ఓటునకు పెట్టవచ్చును. శాసనసభ చేసిన చట్టమును ప్రజల ఓటుచే ఆమోదింపనో త్రోసిపుచ్చనో వచ్చును. ఎన్నికైన అధికారిని, న్యాయమూర్తిని సైతము, గడువు తీరకమునుపే వెనుకకు పిలువవచ్చును. 1974లో బీహారు ఉద్యమమున జయప్రకాశ్ నారాయణ్ ప్రతినిధులను వెనుకకు పిలుచు హక్కును కోరినపుడు మన పత్రికలలో జరిగిన చర్చ పెద్దలకు జ్ఞాపకముండును. ఆ హక్కు కాలిఫోర్నియాలో అప్పటికే 60 ఏండ్లకు పైబడిన పాతది. 2003లో గవర్నరు గ్రే డేవిస్ దానిచేతనే పదవి కోల్పోయెను. 2021లో గవర్నరు గావిన్ న్యూసమ్ దానిని ఎదిరించి నిలిచెను.

1912లో థియొడోర్ రూజ్‌వెల్టు రిపబ్లికను పక్షమును వీడి ప్రోగ్రెసివ్ పక్షమున అధ్యక్షపదవికి నిలువగా, జాన్సన్ ఉపాధ్యక్ష పదవికి నిలిచెను. గెలువలేదుగాని ద్వితీయస్థానము వచ్చెను. దేశమంతట ఆయన పేరు తెలిసెను.

ఇంతవరకు చదివిన పాఠకుడు ఈ సంస్కర్తపై గౌరవము పెంచుకొనియుండును. అది న్యాయమే. ఇక మరుసటి సంవత్సరపు సంగతి.

1913 మే 19న జాన్సన్ ఒక భూచట్టముపై సంతకము చేసెను. అమెరికా పౌరసత్వమునకు అర్హత లేని విదేశీయులు కాలిఫోర్నియాలో సాగుభూమిని కొనరాదు. కౌలుకైనను మూడేండ్లకు మించి తీసికొనరాదు. చట్టములో ఏ జాతి పేరును లేదు. ప్రభుత్వ కాగితములు చదువుటయే వృత్తిగా గల మనవంటివారికి ఆ నేర్పు వెంటనే బోధపడును. అప్పటి దేశచట్టము ప్రకారము పౌరసత్వము పొందదగినవారు తెల్లవారును, ఆఫ్రికా సంతతివారును మాత్రమే. కనుక 'అర్హత లేని విదేశీయుడు' అనగా ఆసియావాసి. గురి జపాను రైతులపై. వారి చేతిలోని భూమి రాష్ట్రపు సాగుభూమిలో చాల స్వల్పభాగము. అయినను వారు పల్లములలో, ఇసుకనేలలలో కూరగాయలు పండించి చూపుట పొరుగు రైతునకు కంటగింపయ్యెను. అధ్యక్షుడు విల్సన్ జపానుతో చెడునని భయపడి, తన విదేశాంగమంత్రి విలియం జెన్నింగ్స్ బ్రయన్‌ను శాక్రమెంటోకు పంపెను. జాన్సన్ ఆయన మాట మర్యాదగా విని, సంతకము చేసెను. అదే సంవత్సరమున ఐరోపానుండి వచ్చు వలసకార్మికుల వసతి, రక్షణ చూచుటకు ఒక కమిషనును ఏర్పరచినది కూడ ఈ ప్రభుత్వమే. దయకు కొరత లేదు. దానికి ఎల్లలు మాత్రము గీయబడి యుండెను.

ఆ సంవత్సరమే గదర్ పార్టీ పుట్టి శాన్‌ఫ్రాన్సిస్కోను కేంద్రముగా చేసికొనెను. నవంబరులో దాని పత్రిక తొలి సంచిక వెలువడెను. పంజాబునుండి పోయి అచ్చటి పొలములలోను రంపపు మిల్లులలోను చెమటోడ్చిన కూలీలు, లాలా హరదయాళ్ వంటి విద్యావంతులు దానిలో చేరిరి. మన తెలుగువాడు, ప్రకాశము జిల్లాకు చెందిన దరిశి చెంచయ్యగారు, 1912లో చదువునకై అమెరికా పోయి ఆ పార్టీలో చేరి, పిమ్మట కారాగారము అనుభవించెను. వీరు పరాయిపాలనను తిట్టుచుండిన వీధులలోనే జాన్సన్ అవినీతిని తిట్టి పేరు తెచ్చుకొనియుండెను. 1918 ఏప్రిల్ 23న అదే నగరమున, గదర్ వీరులపై కుట్ర కేసు ముగియు దినమున, న్యాయస్థానములోనే రామచంద్రను రాంసింగ్ కాల్చి చంపగా, రాంసింగును మార్షలు కాల్చి చంపెను. హెనీపై తుపాకి మ్రోగి అప్పటికి దాదాపు పదేండ్లు.

జాన్సన్ సెనేటు ప్రవేశమునకు తిరిగి వత్తము. పూర్వము సెనేటర్లను రాష్ట్ర శాసనసభ ఎన్నుకొనుచుండెను. అనగా కాలిఫోర్నియాలో రైలు కంపెనీ ఎన్నుకొనుచుండెను. 1913లో వచ్చిన 17వ రాజ్యాంగ సవరణ ఆ హక్కును ప్రజలకిచ్చెను. 1916లో జాన్సన్ ప్రజల ఓటుతో, సుమారు 3 లక్షల ఆధిక్యముతో, సెనేటునకు ఎన్నికయ్యెను. ఆ ఎన్నికలో ఒక చిత్రము జరిగినది. రిపబ్లికను పక్షపు అధ్యక్ష అభ్యర్థి చార్లెస్ హ్యూస్ ఆగస్టులో లాంగ్‌బీచ్‌లోని ఒక హోటలునకు వచ్చెను. జాన్సన్ కూడ అప్పుడు అదే హోటలులో ఉండెను. ఇద్దరును కలియకయే హ్యూస్ వెడలిపోయెను. గవర్నరు అచ్చట ఉన్నట్లు తనకు ఎవ్వరును చెప్పలేదని హ్యూస్ తరువాత విచారపడెను. నవంబరులో అదే పక్షపు జాన్సన్‌కు లక్షల ఆధిక్యమిచ్చిన రాష్ట్రము హ్యూసును 4,000కు లోపు ఓట్లతో ఓడించెను. దానితో అధ్యక్షపదవియే పోయెను. జాన్సన్ అవమానమును మరచు స్వభావము గలవాడు కాడు. ఆయన అనుచరులు ఎంత మనఃపూర్వకముగా పనిచేసిరో ఆ అంకెలే చెప్పుచున్నవి.

1917 మార్చిలో సెనేటున ప్రవేశించి, 1945లో మరణించువరకు 28 ఏండ్లు ఆయన ఆ సభలోనే ఉండెను. యుద్ధప్రకటనకు ఓటు వేసెనుగాని, యుద్ధముపేర వాక్‌స్వాతంత్ర్యమును అణచు చట్టములను ఎదిరించెను. ప్రకటించని యుద్ధములో రష్యాకు పంపిన సైన్యమును వెనుకకు రప్పింపుమని 1919 ఫిబ్రవరిలో తీర్మానము తెచ్చెను. ఓట్లు 33–33గా చీలి, ఉపాధ్యక్షుని ఓటుతో అది వీగిపోయెను.

ఆ సంవత్సరమే విల్సన్ నానాజాతి సమితి ఒడంబడికతో వచ్చెను. జాన్సన్ దానిని ఏ షరతుతోను అంగీకరింపని కొలదిమందిలో ఒకడై, విల్సన్ ఉపన్యసించిన ఊళ్ళకు తానును పోయి ఖండించెను. ఆయన వాదములో మనము గమనింపదగిన భాగమొకటి గలదు. సమితిలో బ్రిటిషు సామ్రాజ్యమునకు ఆరు ఓట్లు: బ్రిటను, కెనడా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, న్యూజీలాండ్, ఇండియా. అమెరికాకు ఒక్కటి. ఇది న్యాయము కాదని ఆయన సవరణ ప్రతిపాదించెను; స్వల్పమైన తేడాతో అది ఓడెను. ఇండియా ఓటు నిజముగా ఇండియాది కాదనుట అక్షరాల సత్యమే. ఆ ఓటు వేయు ప్రతినిధిని నియమించునది మన ప్రజలు కారు. సత్యము పలికినవాడు మన మిత్రుడు కావలెనను నియమము లేదు. ఆయన చింత అమెరికాకు తగ్గిన ఓట్లనుగూర్చి. ఇండియాకు లేని ఓటునుగూర్చి కాదు.

ఇక కాలిఫోర్నియాలో భూచట్టపు పరిణామము చూడుడు. 1913 చట్టములోని సందులగుండ జపాను రైతులు తమ పిల్లల పేర భూమి కొనసాగిరి. అచ్చట పుట్టిన పిల్లలు పౌరులే గదా. 1920 నవంబరులో ఆ సందులు మూయుటకు మరింత కఠినమైన చట్టమొకటి వచ్చెను. దానిని తెచ్చినది శాసనసభ కాదు. సంతకములు సేకరించి, ఓటునకు పెట్టి, పెద్ద ఆధిక్యముతో ప్రజలే చేసిరి. అనగా రైలు కంపెనీని అణచుటకు జాన్సన్ ప్రజల చేతికిచ్చిన ఆయుధముతోనే ఆ పని జరిగెను. 1924లో జపానీయుల ప్రవేశమునే పూర్తిగా నిషేధించిన దేశచట్టమునకు జాన్సన్ సెనేటున గట్టిగా పోరాడినాడు.

మనవారి సంగతి అంతకు ముందే తేలిపోయెను. ప్రథమ ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యములో పనిచేసిన భగత్‌సింగ్ థిండ్ పౌరసత్వము కోరగా, 1923 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు, ఆ చట్టములోని తెల్లవాడను మాట హిందూదేశీయునకు వర్తింపదని తీర్పు చెప్పెను. దానితో కాలిఫోర్నియా భూచట్టము మన పంజాబీ రైతులపైకి కూడ తిరిగెను. వారు నమ్మకస్తులగు తెల్లవారి పేర, తరువాత మెక్సికన్ భార్యలయందు తమకు కలిగిన బిడ్డల పేర, భూములు పెట్టుకొని సాగు చేసిరి. నమ్మినవాడు మోసము చేసినను వ్యాజ్యము వేయుటకు వీలులేదు. వేసినచో తమ నేరమే బయటపడును. 1921లో పౌరసత్వము పొందిన వైష్ణోదాస్ బగాయ్ అను శాన్‌ఫ్రాన్సిస్కో వర్తకుని పౌరసత్వమును ఈ తీర్పు తరువాత రద్దు చేసిరి. అంగడిని, ఆస్తిని అమ్ముకొనవలసివచ్చెను. స్వదేశమునకు పోయి వచ్చుటకు బ్రిటిషు పాస్‌పోర్టు తీసికొనుమనిరి. బ్రిటిషువారిని కాదనియే ఆయన ఇల్లు విడిచి వచ్చెను. 1928లో ప్రాణము తీసికొనెను.

జాన్సన్ ఈ మనుష్యులను వ్యక్తులుగా ద్వేషించెనని అనజాలను. ఆయన వృత్తిధర్మములో ఒక లోపము గలదని మాత్రము తోచుచున్నది. న్యాయస్థానమున అభియోక్త ఎంత ఆవేశముతో మాటలాడినను ప్రమాదము లేదు. ఎదుట ముద్దాయి వకీలు లేచి బదులు చెప్పును, పైన న్యాయమూర్తి ఉండును. రూఫునకు వకీలుండెను. సదరన్ పసిఫిక్‌కు వకీళ్ళ దండు ఉండెను. ఓటు లేని, సభలో ప్రతినిధి లేని జపాను రైతునకు, పంజాబీ కౌలుదారునకు ఎవరుండిరి? ఆ వాదన ఏకపక్షమున నడచెను. తీర్పు చెప్పిన ఓటర్లే ఆ భూములకు పోటీదారులు.

ఆయన తరువాతి చరిత్రను క్లుప్తముగా చెప్పుదును. కొలరాడో నదికి ఆనకట్ట నిర్మించు బిల్లును ప్రతినిధిసభలో ఫిలిప్ స్వింగ్, సెనేటున జాన్సన్ ఏండ్లతరబడి నడిపి 1928 డిసెంబరులో చట్టము చేయించిరి. విద్యుత్తు కంపెనీలు దానిని ఎదిరించెను. పాత రైల్వే పోరు మరల వచ్చినట్లు ఆయన పోరాడెను. 726 అడుగుల ఎత్తు గల నేటి హూవర్ డ్యాము దాని ఫలము. అదే చట్టము ఇంపీరియల్ లోయకు నీరు తెచ్చు 'ఆల్ అమెరికన్' కాలువకును ఆధారము. 1932లో తన పక్షమును కాదని ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టును సమర్థించెను. 1934లో రెండు ప్రధాన పక్షములును ఆయననే సెనేటు అభ్యర్థిగా నిలిపెను. ఆ సంవత్సరమే యుద్ధఋణము తీర్చని దేశములకు అమెరికాలో క్రొత్త అప్పు పుట్టరాదని ఆయన పేర చట్టము వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధమున బ్రిటనుకు అది సంకెల యయ్యెను. 1937లో సుప్రీంకోర్టున న్యాయమూర్తుల సంఖ్య పెంచదలచిన రూజ్‌వెల్టునే ఎదిరించెను. న్యాయమూర్తులను ప్రజలు వెనుకకు పిలువవచ్చునన్న ఆయనయే, అధ్యక్షుడు వారి సంఖ్యను మార్చరాదనెను. ఇది వైరుధ్యమని కొందరందురు. నాకు మాత్రము అట్లు తోచదు. ఒకే చోట అధికారము పోగగుట రెండుచోట్లను ఆయనకు సరిపడలేదు.

1945 జూలై 28న ఐక్యరాజ్యసమితి ప్రణాళికను సెనేటు 89–2 ఓట్లతో ఆమోదించెను. జాన్సన్ వ్యాధిచే సభకు రాలేకపోయెను; తాను వ్యతిరేకినని తెలియజేసెను. 26 ఏండ్ల క్రిందటి మాటనుండి ఆయన కదలలేదు. 1945 ఆగస్టు 6న మరణించెను. జపానుదేశములోని హిరోషిమాపై అణుబాంబు పడిన దినము అదియే. పత్రికలలో ఆ వార్త ముందు ఈ వార్త కనబడకపోయెను.

మరుసటి సంవత్సరము, 1946 జూలై 2న, భారతీయులకు పౌరసత్వ హక్కునిచ్చు చట్టము వచ్చెను. దానికొరకు పాటుపడినవారిలో దలీప్‌సింగ్ సౌంద్ ఒకడు. అమృతసర్ జిల్లాలో 1899లో పుట్టి, 1920లో అమెరికా చేరి, బర్క్లీలో గణితమున డాక్టరేటు పొంది, ఇంపీరియల్ లోయలో వ్యవసాయము చేసి జీవించినవాడు. జాన్సన్ పూర్తిచేయకుండ విడిచిన విశ్వవిద్యాలయమున ఈయన పూర్తిచేసిన చదువు ఈయనకు ఎకరము భూమిని సంపాదించిపెట్టలేదు. 1949లో పౌరుడయ్యెను. 1950లో వెస్ట్‌మోర్లాండ్ అను చిన్న ఊరి న్యాయాధికారిగా గెలిచియు, పౌరసత్వము వచ్చి సంవత్సరము నిండలేదని పదవి దక్కక, 1952లో మరల నిలిచి గెలిచెను. ఆ సంవత్సరమే ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు భూచట్టము రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినను, చట్టపుస్తకమున దాని అక్షరములు మిగిలియుండెను. ప్రజలు చేసిన చట్టమును ప్రజల ఓటే తొలగింపవలెను గదా.

1956 నవంబరు 6న కాలిఫోర్నియా ఓటర్లు ఆ భూచట్టమును ఓటుతో తుడిచివేసిరి. అదే దినము, అదే ఓటుపత్రముమీద, ఇంపీరియల్ లోయ చేరియున్న నియోజకవర్గపు ఓటర్లు దలీప్‌సింగ్ సౌంద్‌ను అమెరికా ప్రతినిధిసభకు ఎన్నుకొనిరి. 1957 జనవరిలో ఆయన ఆ సభలో ప్రమాణము చేసెను.